పూటకూటి యిల్లు: ఓరుగల్లు నుండి బుక్కపట్నపు దారి వరకు

ఆంధ్రుల సాంఘిక చరిత్రమును వ్రాయువారు రాజుల విందులను గూర్చియు, దేవాలయముల నైవేద్యములను గూర్చియు, సత్రములను గూర్చియు విస్తరించి చెప్పుదురు. వెలయిచ్చి అన్నము తిన్న బాటసారిని గూర్చి వారు చెప్పునది స్వల్పము. ఇందుకు ఆధారముల స్వభావమే ప్రధాన కారణమని మేము తలచుచున్నాము. శాసనము పుణ్యమును చెక్కించుకొనుటకు పుట్టినది. పది పుట్ల చేను సత్రమునకిచ్చినవాడు దానిని రాతిమీద వ్రాయించుకొనును గాని, పది మందికి అన్నము నమ్మి బ్రతికిన యిల్లాలు తన పేరు చెక్కించుకొనుటకు హేతువులేదు. కాబట్టి రాతిలో కనబడనిది నేలపై లేకుండెనని తలపరాదు. ఈ వ్యాసమున మేము పూటకూటి యింటి వృత్తాంతమును పరామర్శింప బూనితిమి. మా దృష్టి ముఖ్యముగ రెండు తావులమీద నిలుచును. ఒకటి కాకతీయుల ఓరుగల్లు. రెండవది విజయనగర రాజుల పేరు నేటికిని మోయుచున్న బుక్కపట్నమును, దాని పొరుగుననున్న పెనుకొండ, ధర్మవరము, హిందూపురము అను ఊళ్లును.

మొదట మాటను విచారింతము. వాడుకలో పూటకూలి యిల్లనియు, పూటకూళ్ల యిల్లనియు రెండు విధముల పలుకుదురు. మొదటిదానిని బట్టి కొందరు దీనిని పూటకింత అని కూలి, అనగా వెల, పుచ్చుకొను ఇల్లని అన్వయించిరి. అర్థము పొసగకపోలేదు. కాని గూడు శబ్దము గూటి, గూళ్లు అగునట్లే, కూడు శబ్దము ఔపవిభక్తికమై కూటి అనియు, బహువచనమున కూళ్లు అనియు అగును. ప్రాచీన ప్రయోగము ‘పూటకూటి యిల్లు’ అనియే కనబడుచున్నది. కావున పూటకు కావలసిన కూడు దొరకు ఇల్లనుటయే మూలార్థమనియు, కూడు శబ్దము నాగరికుల నోట నీచార్థము పొందిన తరువాత కూలి శబ్దము దాని స్థానమున చొరబడినదనియు మాకు తోచుచున్నది. ఒకనాడు రాజుకును బంటుకును సమానమైన కూడు నేడు తిట్టున గాని వినబడకున్నది. మాటలకును దశలు గలవు.

ఆ ప్రాచీన ప్రయోగము క్రీడాభిరామములోనిది. దీని కర్త వినుకొండ వల్లభరాయడా, శ్రీనాథుడా అను వివాదము విద్యార్థులెరిగినదే. మన విషయమునకు ఆ వివాదముతో పనిలేదు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము దీనికి మూలమని గ్రంథమే చెప్పుచున్నది. ఆ మూలము నేడు లభింపదు. గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు ఓరుగల్లు ప్రవేశించి, ఒక్క దినములో ఆ మహానగరమును చుట్టి చూచుట ఇందలి ఇతివృత్తము. ప్రతాపరుద్రుని పాలన 1289 నుండి 1323 వరకు సాగినది. కవి చిత్రించినది ఆ కాలపు నగరము. వీధులు, కోడిపందెములు, వీరగాథలు పాడు స్త్రీలు, మాచలదేవి చిత్రశాల, అన్నియు చూచు ఆ మిత్రులకు నడుమ ఆకలి అయినది. ఆకలిగొన్న పరదేశి పెద్ద నగరమున ఏమి చేయునో వారును అదే చేసిరి. మంచి భోజనమెక్కడ దొరకునో విచారించిరి.

ఇక్కడ కవి చెప్పిన సంగతులు చరిత్రకారునికి బంగారము వంటివి. ఇంటివాని పేరు చెప్పెను: లక్ష్మణవజ్ఝల. వెల చెప్పెను: ఒక రూక. వడ్డించు పదార్థములు చెప్పెను: కర్పూరభోగి అను మేలిరకపు బియ్యపు వంటకము, గోధుమపిండితో చేసిన భక్ష్యము, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుడు పదార్థములు, గడ్డలుగట్టిన క్రొత్త పెరుగు. పేరు, వెల, వంట అను మూడును ఒక్కచో చెప్పిన ఇటువంటి సాక్ష్యము మన ప్రాచీన వాఙ్మయమున మిక్కిలి అరుదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఈ గ్రంథమును ఎంతగా వినియోగించుకొనిరో పాఠకులు చూచియే యుందురు. తెలుగునకు తొలి సాహిత్య అకాడమీ బహుమానము 1955లో ఆ గ్రంథమునకే లభించినది.

ఈ పట్టికను మరికొంత నిదానించి చూడవలెను. ఇందు మిరపకాయ లేదు. ఉండుటకు వీలును లేదు. మిరప అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి రాకతో పదునారవ శతాబ్దమున ఈ దేశమునకు వచ్చినది. టమాటా, బంగాళాదుంపలును అట్లే. నేడు ‘ఆంధ్ర భోజనము’ అనగానే పరరాష్ట్రీయుల కన్నులలో నీరు తిరుగునట్టి కారము లక్ష్మణవజ్ఝల విస్తరిలో లేదు. అప్పటి కారమంతయు మిరియముదే. ఇక గోధుమ తెలుగునాట విరివిగా పండునది కాదు, పంచదార సామాన్యుని యింట నిత్యము వాడబడునది కాదు. కావున ఇది ఇంటి భోజనమునకు బదులుగా ఆకలి తీర్చిన తిండి మాత్రమే కాదు. ఇంట దొరకనిదానిని వెలకు పెట్టు భోజనము. నగరమునకు వచ్చినవాడు ఫలాని యింటికే పోవలెనని కోరుటకు కారణమిదియే. రూక అను నాణెము నేటి రూపాయి కాదు. ఒక రూక పెట్టి తిన్నవాడు నిరుపేద బాటసారియై యుండడని మా అభిప్రాయము.

కవి అంతటితో విడువలేదు. పూటకూటి యింటిలో మన్మథుడు పగలనక రేయనక కాపురముండి, జారస్త్రీలకును జారులకును నడుమ రాయబారము నడుపుచుండునని పరిహసించెను. భోజనము మంచిది, చోటు మంచిది కాదు అనుట దీని తాత్పర్యము. ఈ అనుమానము క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నాగరక ప్రకరణమందు కల్లమ్మువారు, వండిన మాంసమమ్మువారు, అన్నమమ్మువారు, వేశ్యలు అను నలుగురును ఒక్క సూత్రమునందే చెప్పబడిరి. వీరు తామెరిగిన వారికే తమ యింట బస ఈయవలెనని విధి. అనగా అన్నమమ్ము ఇల్లు రాజపురుషుల కనుసన్నలలో నుండవలసిన చోటు. క్రొత్తవారు చేరుచోట దొంగయు చేరవచ్చును, వేగులవాడును చేరవచ్చును. భారతమున అరణ్యపర్వమందు మార్కండేయుడు చెప్పిన కలియుగ లక్షణములలో అన్నవిక్రయమును ఒకటిగ వ్యాఖ్యాతలు గ్రహించిరి. అన్నము పెట్టవలసినది గాని అమ్మవలసినది కాదు అను ధర్మమునకును, వేలకొలది పరదేశులు నిత్యము వచ్చిపోవు నగరపు అవసరమునకును గల పోరు పూటకూటి యింటి చరిత్రమంతటను కనబడును.

ఇట్టి నగరములు మనకే పరిమితము కాదు. చీనాదేశమున సుంగ్ రాజుల రాజధానియైన కైఫెంగు 1127లో శత్రువుల వశమైన పిమ్మట, దక్షిణమునకు తరలిపోయిన మెంగ్ యువాన్‌లావ్ అను నాతడు ఆ నగరపు వీధులను తలచుకొని 1147 ప్రాంతమున ఒక గ్రంథము రచించెను. అందు ఏ వీధిలో ఏ భోజనశాల ఉండెడిదో, ఏది దేనికి ప్రసిద్ధియో పేరుపేరున చెప్పెను. పోయిన రాజధానిని తలచుకొనువానికి దాని కోటలకంటె దాని వంటలు ముందు జ్ఞప్తికి వచ్చుట గమనింపదగినది. క్రీడాభిరామమును అట్టిదే. ఓరుగల్లు 1323లో పడిపోయినది. గ్రంథము ఆ వెనుకటిది. పతనమైన నగరమును ఒక దినము పాటు మరల బ్రతికించు యత్నములో కవి లక్ష్మణవజ్ఝల ఇంటి పెరుగును మరువలేదు.

ఇక విజయనగరమునకు వత్తము. 1443లో ప్రౌఢదేవరాయల యాస్థానమునకు వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాకునకు దినదినమును రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్లు, అయిదు మణుగుల బియ్యము, ఒక మణుగు వెన్న, ఒక మణుగు పంచదార, రెండు వరహాలు పంపబడుచుండెనని అతడే వ్రాసికొనెను. ఇందు వండినది ఏదియు లేదు. పచ్చి సామగ్రియే. మనవారు దీనిని స్వయంపాకమందురు. వండినదానిని ఎవరి చేత ఎవరు తినవలెనను నియమము కఠినముగ నున్న దేశమున, పరదేశికి మర్యాద చేయుటకు బియ్యమిచ్చుట క్షేమము, అన్నము పెట్టుట చిక్కు. 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ప్రపంచమున ఇంత సమృద్ధిగ సరకులు దొరకు నగరము వేరొకటి లేదని ఆశ్చర్యపడి వరి, గోధుమ, పెసలు, ఉలవలు మొదలైన ధాన్యములను లెక్కించెను. అతడు చూచినదియు అంగడియే.

ఇదే నగరమునకు వచ్చిన శ్రీనాథుని మీద ఒక చాటువు ప్రచారములో నున్నది. కుళ్లాయి పెట్టి, కుప్పసము తొడిగి, వెల్లుల్లితో కూడిన తిలపిష్టమును మ్రింగి, ఇన్ని పాట్లు పడితినని కన్నడ రాజ్యలక్ష్మికి మొరపెట్టుకొనెనని దాని భావము. చాటువులను చరిత్రగ గైకొనుట ప్రమాదమే. అయినను పరనగరమున కవిసార్వభౌముడంతటివానికి మొదట కష్టము కలిగించినది వాదము కాదు, తిండి అని తెలుగువారు నమ్మి చెప్పుకొనిరి. ఆ నమ్మకము మాత్రము చరిత్రయే.

హంపీలో రాచనగరు ప్రాంతమున, కాలువ కిరువైపుల, వరుసగ పరచిన రాతిపలకలలో విస్తరివలెను గిన్నెలవలెను తొలిచిన గుంటలను నేటికిని చూడవచ్చును. చాలమంది కూర్చుండి తినుటకే అవి ఏర్పడినవని పెద్దల అభిప్రాయము. హిందూపురమునకు సమీపమున లేపాక్షి దేవాలయపు ఆవరణమున నేలరాతిలో ఇట్టి కంచములే కలవు. అచ్యుతరాయల కాలమున పెనుకొండలో ఉద్యోగియైన విరుపణ్ణ ఈ ఆలయమును కట్టించెను. శిల్పులును కూలీలును భుజించుటకు వీనిని తొలిచిరని స్థానికులు చెప్పుదురు. రంగులు నూరుటకని మరికొందరందురు. గుంటల అమరికను చూచినచో, నడుమ అన్నమునకును చుట్టును వ్యంజనములకును తావు విడిచినట్లున్నది కావున, మేము మొదటి మాటకే మొగ్గుదుము. ఇది అమ్మకపు భోజనము కాదు. పనిచేయించువాడు పనివానికి పెట్టు భోజనము. కాని ఇంటి వెలుపల, వరుసలో, పదిమందితో కలిసి తినుట అను అలవాటునకు రాతిలో మిగిలిన గుర్తులివి. హోటలు బల్లకు వీనికంటె ముందు పూర్వులు మన ప్రాంతమున దొరకరు.

బుక్కపట్నము బుక్కరాయల పేర వెలసిన ఊరు. చిత్రావతి నీటితో నిండు దాని పెద్ద చెరువు ఈ కరవు సీమలో ఎన్నదగిన జలాశయములలో ఒకటి. మొదటి బుక్కరాయల పాలన 1356 నుండి 1377 వరకు. ఊరి పేరిటి చివర ‘పల్లె’ అనక ‘పట్నము’ అనుటలోనే అంగడి యున్నది. పట్నమనగా వర్తకము జరుగు తావు. 1565లో తళ్లికోట యుద్ధము ముగిసి విజయనగరము పాడుపడగా తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగ చేసికొనెను. రాజధాని తరలినపుడు కొలువు మాత్రమే తరలదు. సిపాయిలు, లేఖకులు, వర్తకులు, దాసరులు, యాచకులు అందరును తరలుదురు. అట్టి జనము నడచిన దారులలో బుక్కపట్నపు దారి యొకటి.

ఆ దారిని నడచినవాడు ఏమి తినెను? చెరువుక్రింద పండిన వరి రాజునకును, గుడికిని, అమ్మకమునకును పోయెడిది. మెట్టచేల జొన్నయు, కొఱ్ఱయు, రాగియు ఇంటివారి తిండి. సంకటి పరదేశికి అమ్మబడు వస్తువు కాదు. సద్దిమూట కట్టుకొని బయలుదేరుట, చెరువుగట్టున విప్పుట, ఊరిలో నీరు త్రాగుట, ఇదియే సామాన్యుని ప్రయాణము. కులము గలవాడు స్వకులస్థుని అరుగుపై దిగెడివాడు. సత్రమున్నచోట బ్రాహ్మణునకు అన్నము. ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు విష్ణుచిత్తుని యింట పరదేశి వైష్ణవులకు ఏ ఋతువునకు తగిన వంట ఆ ఋతువున వడ్డింపబడు విధమును వర్ణించెను. ఆ వంటలను వర్ణించిన రాజునకు నాలుక ఎరుక గలదనుటలో సందేహము లేదు. కాని అది దానము. వచ్చినవాడు ఎంచుకొనుటకు వీలులేదు. పెట్టినది తినవలెను. పూటకూటి యింటికిని సత్రమునకును గల భేదమిదియే: రూక చేతనున్నవాడు ఈ యిల్లు కాదని ఆ యింటికి పోగలడు.

దానమునకును అమ్మకమునకును నడుమ మూడవ మార్గమొకటి దేవాలయములలో ఏర్పడినది. తిరుమల శాసనములను బట్టి, నైవేద్యమునకు ద్రవ్యమిచ్చిన దాతకు ప్రసాదములో నాలుగవ వంతు వచ్చెడిది. ఆ వంతును దాత తాను కోరినవారికి మార్చి ఈయవచ్చును. దేవుని అన్నము అన్నవిక్రయ దోషము నంటకయే చేతులు మారు సంపదయైనది. ఈ విషయము వేరొక వ్యాసమునకు చాలును. ఇక్కడ విడుతుము.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. ఆయన కడపసీమ మీదుగ పోయిన మార్గమున ప్రతి మజిలీయందును దిగుటకు తావున్నదా, సరకులు దొరకునా, నీరెట్టిది అను సంగతులను శ్రద్ధతో వ్రాసికొనెను. పరివారముతో పోవు ధనికునకు కావలసినవి సరకులే. వంట తనవారే చేయుదురు. కావున కాశీయాత్రచరిత్ర బజారుల చరిత్రమునకు పుష్కలముగ ఉపకరించును గాని, ఒంటరి పేద బాటసారి పళ్లెమును చూపదు. ఈ తారతమ్యమును గుర్తింపక యాత్రాగ్రంథములనుండి సాధారణ సూత్రములు తీయుట మన పరిశోధకులలో తరచుగ కనబడు లోపము.

పందొమ్మిదవ శతాబ్దమున కచ్చేరీలును, ఇంగ్లీషు పాఠశాలలును పట్టణములకు చేరినవి. వ్యాజ్యములకు వచ్చు రైతు, చదువునకు వచ్చు పిల్లవాడు, కుటుంబము లేని గుమాస్తా నెలల తరబడి పరాయి యూరనుండ వలసివచ్చినది. అప్పుడు పూటకూటి యిల్లు విధవ చేతికి వచ్చినది. ఓరుగల్లున ఇల్లు లక్ష్మణవజ్ఝలది, పురుషునిది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున అది పూటకూళ్లమ్మది. ఆ నాటకము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పెంచి వ్రాయబడినది. గిరీశమునకు అన్నము పెట్టి, డబ్బిచ్చి, మోసపోయి, చీపురుకట్టతో వెదకికొని వచ్చిన ఆ స్త్రీకి గ్రంథకర్త పేరు పెట్టలేదు. ఆమె వృత్తియే ఆమె పేరు. ప్రేక్షకుడు నవ్వును. ఆ నవ్వులో క్రీడాభిరామకర్త పరిహాసపు ప్రతిధ్వని వినబడుచున్నది. పునర్వివాహము లేదు, ఆస్తిలో హక్కు లేదు, చదువు లేదు. చేతనున్నది మడివంట యొక్కటే. ఆ వంటను అందరును తినవచ్చును, ఆమెను మాత్రము అందరును అనుమానింపవచ్చును. ఇదే కాలమున గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వచ్చినవారికెల్ల అన్నము పెట్టి దేశమంతట కీర్తింపబడిరి. ఆ కీర్తి న్యాయమైనదే. అయినను ఉదయమునుండి రాత్రివరకు పొయ్యివద్ద కూర్చుండిన శ్రమ ఇద్దరికిని సమానము. ఒకరికి పొలమున్నది, ఒకరికి లేదు. ఆ భేదమే ఒకరిని అన్నపూర్ణగను, రెండవవారిని హాస్యపాత్రగను చేసినది.

మా ప్రాంతమునకు మార్పు రైలుబండిపై వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమున గుంతకల్లు నుండి ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగ బెంగుళూరికి ఇనుపదారి పడినది. అంతకు ముందు బుక్కపట్నమువానికి పెద్ద నగరమనగా విన్న మాట. తరువాత అది ఒక రాత్రి ప్రయాణము. ధర్మవరపు పట్టుచీరలు, హిందూపురపు చింతపండు, బెల్లము, మిరపకాయలు అటు పోయినవి. వానితో పోయిన మనుష్యులు అక్కడ తినవలసియుండెను. బెంగుళూరు విజయనగర సామంతుడైన కెంపేగౌడ 1537లో కట్టించిన పేట. అచ్చటి వీధులలో తెలుగు ఎన్నడును పరభాష కాదు.

అక్కడ వారికెదురైనది ఉడిపివారి కాఫీ హోటలు. 1924లో పరమేశ్వర మయ్య బెంగుళూరున స్థాపించిన బ్రాహ్మణ కాఫీ క్లబ్బే తరువాత మావళ్లి టిఫిన్ రూమ్సు అయినది. చెన్నపట్టణమున కె. కృష్ణారావు 1938లో ఉడ్‌ల్యాండ్సు హోటలు నెలకొల్పెను. ఇడ్డెన, దోసె క్రొత్త పదార్థములు కావు. పశ్చిమ చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసమున (1129 ప్రాంతము) ఇడరిక, ధోసక, వటక అనునవి కలవు. క్రొత్తది వేళ. భోజనమునకు ముందును భోజనమునకు తరువాతను, ఆకలితో నిమిత్తము లేక, పావుగంటలో తిని లేచిపోవు ‘టిఫిను’ అను సంస్థ నగరపు గడియారమునుండి పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధమున బియ్యము కరవైనపుడు రవతో ఇడ్డెనలు చేయుట మావళ్లివారి కల్పన యని ప్రసిద్ధి. కొరత వలన పుట్టిన పదార్థము కొరత తీరిన తరువాతను నిలిచినది.

హోటలు అను మాట కూడ మనచేత క్రొత్త అర్థమును పొందినది. ఆంగ్లమున బస ముఖ్యము. తెలుగున తిండి ముఖ్యము. బసలేని హోటలు మనకు సహజము, తిండిలేని హోటలు విడ్డూరము. ఇక ఈ హోటళ్ల పేర్లను చూడుడు: విలాసము, భవనము, నివాసము, నిలయము. అన్నియు ఇంటి పర్యాయపదములే. ఇల్లు పోయినను ఇంటి పేరు పలకమీద నిలిచినది. మాంసము వడ్డించు తావులకు బెంగుళూరునను దాని చుట్టుపట్ల ఊళ్లలోను ‘మిలిటరీ హోటలు’ అను విచిత్రమైన పేరు స్థిరపడినది. ఈ పేరు చూచి మా సీమ రైతు తనకు ప్రవేశమున్నదని గ్రహించెడివాడు.

ప్రవేశమను మాట చెప్పితిమి గనుక అసలు విషయమును చెప్పకుండుట తగదు. ఓరుగల్లు నుండి కాఫీ క్లబ్బు వరకు అన్నము నమ్మినవాడు ఎక్కువగ బ్రాహ్మణుడే యగుటకు, అతని చేతివంట అందరును తినగలుగుటయే కారణము. వ్యాపార దృష్టితో చూచినను ఇది లాభకరము. కాని అందరును తినగలిగిన వంటను అందరును కలిసి తినలేకపోయిరి. ఒక హోటలులోనే బ్రాహ్మణులకు లోపలి గది, ఇతరులకు వెలుపలి బల్ల. మాలమాదిగలకు ఆ బల్లయు లేదు. గుమ్మము వెలుపల వేరు గ్లాసు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన పదునైదవ అధికరణమున దుకాణములను, భోజనశాలలను, హోటళ్లను పేరెత్తి చెప్పి, జాతిమత కులభేదములచేత ఎవరిని అందు అడ్డగింపరాదని శాసించెను. ప్రాథమిక హక్కుల ప్రకరణమున భోజనశాల పేరు వచ్చుట సామాన్య విషయము కాదు. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము ఈ నిషేధమును ఉల్లంఘించినవారికి శిక్ష విధించెను. 1976లో అదే పౌరహక్కుల రక్షణ చట్టమైనది. 1957లో చెన్నపట్టణమున హోటలు పలకలపై ‘బ్రాహ్మణ’ శబ్దము ఉండరాదని పెరియార్ రామస్వామి ఆందోళనము నడపెను. చట్టము వచ్చిన పిమ్మటను పలక తీయించుటకు జనము నిలువవలసివచ్చినది. రెండు గ్లాసుల ఆచారము పల్లెల టీకొట్లలో ఆ తరువాతను దశాబ్దముల పర్యంతము సాగినది. పూటకూటి యింటి చరిత్రను రుచుల చరిత్రగ మాత్రమే వ్రాయువారు ఈ భాగమును విడిచిపెట్టుదురు. లక్ష్మణవజ్ఝల యింటి గుమ్మమువద్ద ఆగిపోయినవాడెవడు అను ప్రశ్న ఆ యింట ఏమి వడ్డించిరను ప్రశ్నకంటె చిన్నది కాదు.

బుక్కపట్నమునకు కొలదిదూరమున పుట్టపర్తి యున్నది. ప్రశాంతి నిలయము 1950 నవంబరు 23న వెలసినది. అంతవరకు చిత్రావతి యొడ్డున చిన్న పల్లెయైన ఆ తావు ఖండాంతరముల జనమును ఆకర్షించెను. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాకు అదియే ముఖ్యస్థానము. ఆశ్రమమునందలి భోజనశాలలు మూడు: దక్షిణాది వంటకు ఒకటి, ఉత్తరాది వంటకు ఒకటి, పాశ్చాత్యుల వంటకు ఒకటి. ఆశ్రమపు మత విషయములు మా వ్యాస పరిధికి వెలుపలివి. చరిత్రకారుని దృష్టికి ముఖ్యమైనది విభజన పద్ధతి. కులమునుబట్టి వేరుపడిన పంక్తులు ఇచ్చట నాలుకనుబట్టి వేరుపడినవి. స్త్రీపురుషుల పంక్తుల భేదము మాత్రము నిలిచినది. ఆశ్రమము వెలుపలి వీధులలో పరదేశుల రుచికి తగిన చిన్న భోజనశాలలు వెలసినవి. బుక్కపట్నపు సంతకు వచ్చిన రైతుబిడ్డ ఇటలీ రొట్టెను తన తాలూకాలోనే చూడగలిగెను.

దానమును అమ్మకమును మరల ఒకటిచేయు యత్నములును ఇటీవల జరిగినవి. తమిళనాట 2013లో ‘అమ్మ ఉణవగము’, హైదరాబాదున 2014లో అయిదు రూపాయల భోజనము, ఆంధ్రప్రదేశమున 2018లో అన్న క్యాంటీన్లు వచ్చినవి. ఈ చివరివి 2019లో మూతపడి, 2024 ఆగస్టులో తిరిగి తెరువబడినవి. అయిదు రూపాయలు భోజనమునకు వెల కాదు. తినువాడు యాచకుడు కాడని చెప్పుటకు పెట్టిన గుర్తు. సత్రమునకు తలవంచుకొని పోవువాడు ఇచ్చట వరుసలో నిలిచి చీటి కొనును. అన్నవిక్రయమును కలిలక్షణమన్న వ్యాఖ్యాతలు ఈ విక్రయమును ఏమందురో!

ఇక మిగిలినది రాగిసంకటి. మా సీమ పల్లెలలో పరదేశికి పెట్టుటకు సిగ్గుపడిన తిండి ఇది. వరి అన్నము పండుగనాటిదిగ నున్న దినములలో సంకటి పేదరికమునకు పర్యాయపదము. నేడు హైదరాబాదు, బెంగుళూరు నగరములలో రాయలసీమ వంటల పేర వెలసిన భోజనశాలలందు రాగిసంకటియు, నాటుకోడి పులుసును ప్రత్యేక పదార్థములుగ పట్టికకెక్కినవి. వరి అన్నముకంటె వాని వెల యెక్కువ. చెరువుక్రింద వరి పండించి మెట్టచేని రాగిని తిన్న బుక్కపట్నపు రైతు మనుమడు నగరమున ఉద్యోగియై, ఆదివారము నాడు మిత్రులను వెంటబెట్టుకొని, ఏ హోటలులో సంకటి చక్కగ కుదురునో విచారించుచు వీధి వీధి తిరుగుచున్నాడు.